అదనపు సొమ్ము చాటున మోసం: వివాహ ఛాయాగ్రాహకులు గుర్తించవలసిన చెక్కుల వల

వివాహ వేడుకలకు ఛాయాచిత్రాలు తీసే వృత్తి నమ్మకంపై నడిచేది. పెళ్లివారు ఛాయాగ్రాహకుని ముఖం చూడకముందే ఫోనులోనో, ఈ-మెయిల్ ద్వారానో తేదీ ఖాయం చేసుకోవడం సర్వసాధారణం. బయానా అందిన క్షణం నుండి ఆ ముహూర్తాన్ని మరొకరికి ఇవ్వకుండా పక్కన పెట్టడం ఈ వృత్తిలోని మర్యాద. సొంతంగా పనిచేసే ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్ విషయంలో బేరసారాలు, లెక్కలు, బ్యాంకు పనులు, చిత్రీకరణ అన్నీ ఒక్కరి మీదే ఉంటాయి. అడిగి చూసే గుమాస్తా గాని, సందేహించే భాగస్వామి గాని ఉండరు. ఈ ఒంటరితనాన్నే ఆసరా చేసుకొని, ఇవ్వవలసిన దానికంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, ఎక్కువైన సొమ్మును వేరొకరికి పంపమని కోరే మోసం అమెరికా, కెనడా దేశాలలో చాలా కాలంగా సాగుతున్నది.

టెక్సాస్‌లోని ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్ వంటి పట్టణాలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. అక్కడ తెలుగు వివాహాలతో పాటు వాటిని చిత్రీకరించే తెలుగు ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. చెక్కుల రూపంలోని ఈ మోసం ప్రధానంగా అక్కడి బ్యాంకింగ్ విధానానికి సంబంధించినదే అయినప్పటికీ, అదే ఎత్తుగడ వేషం మార్చుకొని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో సెల్‌ఫోన్ల ద్వారా కూడా సాగుతున్నది. కనుక దాని స్వరూపాన్ని మూలం నుండి తెలుసుకోవడం ఉభయ ప్రాంతాల వారికీ ఉపయుక్తం.

మోసం సాగే తీరు

మొదట ఒక ఈ-మెయిల్ గాని, ఫోనుకు సందేశం గాని వస్తుంది. ఫలానా నెలలో వివాహం ఉన్నదని, ఆరు లేక ఎనిమిది గంటల చిత్రీకరణ కావాలని, ధర ఎంతో తెలియజేయమని అందులో ఉంటుంది. ఫొటోగ్రాఫర్ ధర చెప్పగానే అంగీకారం వస్తుంది. కొద్దిసేపటికి ఒక చిన్న విన్నపం జతపడుతుంది. పెళ్లి ఏర్పాట్లు చూసే వ్యక్తికి గాని, పూల అలంకరణ చేసేవారికి గాని కార్డు ద్వారా సొమ్ము తీసుకొనే వీలు లేదని, అందువల్ల వారికి చేరవలసిన మొత్తాన్ని కూడా కలిపి ఒకే చెక్కు పంపుతామని, తన రుసుము మినహాయించుకొని మిగిలినది వారికి పంపమని కోరతారు. శ్రమకు ప్రతిఫలంగా కొంత అదనంగా ఉంచుకోమంటారు.

ఉదాహరణకు ఒక ఫొటోగ్రాఫర్ తన రుసుము 2,500 డాలర్లని, అందులో 1,000 డాలర్లు ముందుగా చెల్లించాలని చెప్పాడనుకుందాం. అతనికి 3,900 డాలర్ల చెక్కు కొరియర్‌లో వస్తుంది. అందులో 1,000 బయానా, 2,700 పూల అలంకరణకు, 200 అతని శ్రమకు. అతని ఖాతాలో అప్పటికే సొంత సొమ్ము 1,400 డాలర్లు ఉన్నది. చెక్కు జమ చేసిన ఒకటి రెండు రోజులలో ఖాతా నిల్వ 5,300 డాలర్లుగా కనిపిస్తుంది. అవతలి నుండి తొందర పెడుతూ సందేశాలు వస్తాయి. అతడు 2,700 డాలర్లు పంపుతాడు. నిల్వ 2,600 అవుతుంది. మరికొన్ని రోజులకు చెక్కు నకిలీదని తేలి తిరిగివస్తుంది. బ్యాంకు తాను ముందుగా ఇచ్చిన 3,900 డాలర్లను వెనక్కు తీసుకుంటుంది. ఖాతా 1,300 డాలర్ల లోటులో పడుతుంది. తిరిగివచ్చిన చెక్కుకు బ్యాంకు వసూలు చేసే రుసుము దీనికి అదనం. పంపిన 2,700 డాలర్లు మాత్రం అతని సొంత ధనం, కొంత బ్యాంకు అప్పు కలిసిన అసలైన డబ్బు. అది తిరిగిరాదు.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటున్నది. మోసగాడు ఎవరి ఖాతాలోనూ చొరబడలేదు, రహస్య సంఖ్యలను దొంగిలించలేదు. ఫొటోగ్రాఫర్ తన ఇష్టపూర్వకంగా, తన చేతులతోనే సొమ్ము పంపాడు. అందువల్లనే ఆ లావాదేవీని రద్దు చేయించడం దుర్లభమవుతున్నది.

కనిపించిన సొమ్ము, వసూలైన సొమ్ము ఒకటి కావు

ఈ మోసానికి ఊపిరి పోస్తున్నది నిజానికి వినియోగదారుల మేలు కోసం చేసిన ఒక చట్టమే. పూర్వం అమెరికాలో బ్యాంకులు చెక్కులను జమ చేసుకొని, సొమ్మును రోజుల తరబడి ఖాతాదారులకు అందుబాటులోకి తెచ్చేవి కావు. ఈ ఇబ్బందిని తొలగించడానికి ఆ దేశ కాంగ్రెస్ 1987లో ఎక్స్‌పెడైటెడ్ ఫండ్స్ అవైలబిలిటీ యాక్టును ఆమోదించింది. దానిని అమలు చేసే నిబంధనలు రెగ్యులేషన్ సీసీ అనే పేరుతో వెలువడ్డాయి. వీటి ప్రకారం సాధారణ చెక్కు జమ చేస్తే ఒక రోజు జమలలో మొదటి కొంత మొత్తాన్ని మరుసటి పనిదినానికే వాడుకొనే వీలు కల్పించాలి. ఈ మొత్తం 225 డాలర్లుగా ఉండగా, 2025 జూలై 1 నుండి 275 డాలర్లకు పెంచారు. మిగిలిన మొత్తం సాధారణంగా రెండవ పనిదినానికి అందుబాటులోకి వస్తుంది. ఒకే రోజున 6,725 డాలర్లకు మించి చెక్కులు జమ అయినప్పుడు, ఖాతా కొత్తదైనప్పుడు, లేక చెక్కు చెల్లదని అనుమానించడానికి తగిన కారణం ఉన్నప్పుడు బ్యాంకు మరికొన్ని రోజులు నిలిపి ఉంచవచ్చును.

క్యాషియర్స్ చెక్ విషయంలో వెసులుబాటు ఇంకా ఎక్కువ. ఇది మన బ్యాంకర్స్ చెక్కు వంటిది. బ్యాంకే తన పూచీపై జారీ చేస్తుంది. దీనిని పొందిన వ్యక్తి తన ఖాతాలో, బ్యాంకు సిబ్బందికి స్వయంగా అందజేసి జమ చేస్తే మరుసటి పనిదినానికే సొమ్ము అందుబాటులోకి రావాలి. బ్యాంకు పూచీ ఉన్న పత్రమనే గౌరవం జనంలో ఉండడం, సొమ్ము త్వరగా కనిపించడం, ఈ రెండు కారణాల వల్ల మోసగాళ్లు నకిలీ క్యాషియర్స్ చెక్కులను ఎక్కువగా ఎంచుకుంటున్నారు. పోస్టల్ మనీ ఆర్డర్లకు నకిలీలు సృష్టించడం కూడా జరుగుతున్నది.

సొమ్మును వాడుకోనివ్వడం అంటే అవతలి బ్యాంకు దానిని చెల్లించిందని అర్థం కాదు. అది జమ చేసుకొన్న బ్యాంకు చట్టాన్ని అనుసరించి ముందుగా ఇచ్చిన సొమ్ము మాత్రమే. చెక్కు చెల్లక తిరిగివస్తే ఆ మొత్తాన్ని ఖాతా నుండి తిరిగి తీసుకొనే హక్కును అక్కడి రాష్ట్రాలు అనుసరించే యూనిఫాం కమర్షియల్ కోడ్ బ్యాంకుకు కల్పిస్తున్నది. ఖాతాలో సొమ్ము లేకపోతే అది ఖాతాదారుడు బ్యాంకుకు పడిన బాకీ అవుతుంది. అది తీర్చకపోతే ఖాతా మూసివేసే ప్రమాదమూ ఉన్నది.

చెక్కు నకిలీదని తెలియడానికి ఇంత ఆలస్యం ఎందుకన్న సందేహం సహజం. 2003లో ఆమోదం పొంది 2004 అక్టోబరు 28 నుండి అమలులోకి వచ్చిన చెక్ 21 చట్టంతో కాగితపు చెక్కుకు బదులు దాని ప్రతిబింబం బ్యాంకుల మధ్య ప్రయాణించే వీలు కలిగింది. అయినా చెక్కు అడుగున ఉండే 9 అంకెల రూటింగ్ సంఖ్య ఒక బ్యాంకుది, పైన ముద్రించిన పేరు మరొక బ్యాంకుది అయినప్పుడు ఆ చెక్కు ముందు తప్పు చోటికి చేరి, అక్కడినుండి వెనక్కు రావలసి ఉంటుంది. మరికొన్ని చెక్కులపై నిజంగా ఉన్న ఏదో ఒక సంస్థ ఖాతా వివరాలనే ముద్రిస్తారు. ఆ సంస్థ తన లెక్కలు సరిచూసుకొనే వరకు విషయం బయటపడకపోవచ్చు. నకిలీ చెక్కు సంగతి తేలడానికి కొన్ని వారాలు కూడా పట్టవచ్చునని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రజలను హెచ్చరిస్తున్నది. మోసగాడు ఫొటోగ్రాఫర్‌ను ఎందుకు తొందర పెడతాడో దీనిని బట్టి అర్థమవుతుంది. సొమ్ము కనిపించిన రోజుకు, చెక్కు తిరిగివచ్చే రోజుకు మధ్యనున్న ఆ కొద్ది వ్యవధియే అతని వ్యాపారం.

బ్యాంకు కౌంటరులో "చెక్కు క్లియర్ అయిందా" అని అడిగితే, సిబ్బంది ఖాతా నిల్వ చూసి అయిందని చెప్పే అవకాశం ఉన్నది. చెక్కు జారీ చేసిన బ్యాంకు సొమ్ము చెల్లించిందా, ఇకపై ఇది తిరిగివచ్చే అవకాశం ఉన్నదా అని అడగడం ఉచితం. అంతకంటే మేలైన మార్గం, చెక్కు జమ చేయకముందే జారీ చేసిన బ్యాంకును విచారించడం. అయితే చెక్కుపై ముద్రించిన ఫోను నంబరుకు కాక, విడిగా సేకరించిన నంబరుకే ఫోను చేయాలి. నకిలీ చెక్కుపై ఉన్న నంబరుకు ఫోను చేస్తే జవాబిచ్చేది మోసగాడి మనిషే కావచ్చును. బ్యాంకు నిజంగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి అక్కడి ఫెడరల్ డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ వారి బ్యాంక్‌ఫైండ్ సేవ ఉపయోగపడుతుంది.

ఉత్తరంలోనే దొరికే ఆనవాళ్లు

చెక్కు ఎంత చక్కగా ముద్రించినా, దాని కంటే ముందు వచ్చిన ఉత్తరం మోసగాడిని పట్టి ఇస్తుంది. పెళ్లి చేసుకొనేవారు, చేసేవారు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇంతకుముందు తీసిన ఆల్బములు చూపించమంటారు. రెండవ కెమెరా ఉంటుందా, డ్రోన్ ఉంటుందా, ఫొటోలు ఎన్ని రోజులలో ఇస్తారు అని అడుగుతారు. తెలుగువారి పెళ్లి అయితే ముహూర్తం ఎన్ని గంటలకో ముందే చెబుతారు. తెల్లవారుజామున మూడు గంటలకు జీలకర్ర-బెల్లం ఉంటే అంతసేపు ఉండగలరా అని అడగని ఆడపెళ్లివారు అరుదు. పెళ్లికూతురును చేయడం, స్నాతకం, తలంబ్రాలు, అప్పగింతలు వీటిలో ఏవేవి తీయాలో పట్టిక ఇస్తారు. అన్నింటికీ మించి బేరమాడతారు. బేరమే ఆడకుండా, ఒక్క ఫొటో కూడా చూడకుండా, మొదటి ధరకే సరేనని పైగా అదనంగా ఇస్తామనే పెళ్లివారు ఉన్నారంటే ఫొటోగ్రాఫర్ ఆనందించడానికి ముందు ఆలోచించవలసి ఉంటుంది.

మోసపు ఉత్తరాలలో ప్రశ్నలు ఏ వేడుకకైనా సరిపోయేలా ఉంటాయి. వధూవరుల పేర్లు ఉత్తరానికీ ఉత్తరానికీ మారుతుంటాయి, లేదా అసలు ఉండవు. వేదిక పేరు అడిగితే ఒక చిరునామా మాత్రం వస్తుంది. దానిని వెదికితే ఎవరిదో ఇల్లు కావచ్చు. తమకు వినికిడి లోపమున్నదనో, ఆసుపత్రిలో ఉన్నామనో, విదేశంలో ఉన్నామనో చెప్పి ఫోనులో మాట్లాడడానికి నిరాకరిస్తారు. నిజంగా వినికిడి సమస్య ఉన్న వినియోగదారులు కూడా ఉంటారు కనుక ఈ ఒక్క కారణంతో ఎవరినీ తిరస్కరించడం తగదు. వీడియోలో కనిపించి సందేశాల ద్వారా సంభాషించమని కోరవచ్చు, లేక వేదికను నడిపే వారితో నేరుగా మాట్లాడి బుకింగ్ ఉన్నదా అని విచారించవచ్చు. నిజమైన పెళ్లివారికి ఇందులో ఏ అభ్యంతరమూ ఉండదు.

చెక్కు వచ్చిన తరువాత చూడవలసినవి కూడా ఉన్నాయి. ఉత్తరాలు రాసిన వ్యక్తి పేరు ఒకటి, చెక్కుపై పేరు మరొకటి, కొరియర్ కవరు బయలుదేరిన ఊరు ఇంకొకటి కావడం సామాన్యం. పెళ్లికి సంబంధం లేని ఏదో కంపెనీ చెక్కు రావడం మరో ఆనవాలు. అయితే వీటన్నింటినీ మరచిపోయినా, ఒక్కటి గుర్తుంచుకొంటే చాలు. ఇతరులకు చేరవలసిన సొమ్మును ఫొటోగ్రాఫర్ చేతి మీదుగా పంపవలసిన అవసరం ఏ వివాహంలోనూ లేదు. పూలవారికి పెళ్లివారు స్వయంగా చెక్కు రాయగలరు. ఫొటోగ్రాఫర్‌కు కొరియర్ చేయగలిగిన వ్యక్తి పూలవారికి కొరియర్ చేయలేకపోవడానికి కారణం ఉండదు.

ముందు జాగ్రత్త, తరువాతి చర్య

ఒప్పంద పత్రంలోనే ఒక నిబంధన చేర్చడం ఉత్తమం. రుసుముకు మించిన మొత్తానికి వచ్చిన చెక్కును జమ చేయబడదని, దానిని యథాతథంగా తిప్పి పంపి సరియైన మొత్తానికి మరొకటి కోరబడుతుందని, ఇతరులకు చెల్లింపులు జరపబడవని ఒకటి రెండు వాక్యాలలో రాసుకోవచ్చు. ఈ నిబంధన చూసిన వెంటనే ఉత్తరాలు ఆగిపోతే ఆ బుకింగ్ గురించి విచారించవలసిన పని లేదు. ఒప్పందంపై సంతకం, వీడియోలో ముఖాముఖి సంభాషణ పూర్తయ్యే వరకు తేదీని ఖాయం చేయకపోవడం కూడా మంచిది. నకిలీ బుకింగ్ వల్ల కలిగే నష్టం బ్యాంకు ఖాతాకే పరిమితం కాదు. ఆషాఢం, మూఢాలు పోగా ఏడాదిలో మిగిలే ముహూర్తాలు కొన్నే. వాటిలో ఒక మంచి రోజును లేని పెళ్లికి కేటాయించి, నిజంగా వచ్చిన వారిని వెనక్కు పంపితే ఆ రోజు సంపాదన పోయినట్లే.

అదనపు సొమ్ము పంపమని కోరే మార్గాలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు వెస్టరన్ యూనియన్, మనీగ్రామ్ వంటి సంస్థల ద్వారా నగదు పంపించమనేవారు. మోసాలకు సంబంధించిన ఇటువంటి బదిలీలను అరికట్టడంలో వైఫల్యం గురించిన ఆరోపణలపై వెస్టరన్ యూనియన్ సంస్థ 2017 జనవరిలో అమెరికా ప్రభుత్వంతో 58.6 కోట్ల డాలర్ల పరిష్కారానికి అంగీకరించింది. అటు పిమ్మట జెల్ వంటి తక్షణ బదిలీ సేవలు, గిఫ్ట్ కార్డుల సంఖ్యలు, క్రిప్టో కరెన్సీ ఆ స్థానంలోకి వచ్చాయి. వీటన్నింటిలోనూ సమానంగా ఉన్నది ఒక్కటే. పంపిన తరువాత వెనక్కు పిలవడం దాదాపు అసాధ్యం.

చెక్కు జమ చేసి, సొమ్ము ఇంకా పంపని పక్షంలో ఆ చెక్కు గురించి బ్యాంకుకు వెంటనే తెలిపి, ఆ మొత్తాన్ని తాకకుండా ఉంచాలి. పంపివేసినట్లయితే సొమ్ము ఏ సేవ ద్వారా వెళ్లిందో ఆ సంస్థను, తన బ్యాంకును అదే రోజున సంప్రదించి బదిలీ నిలిపివేయమని కోరాలి. అమెరికాలో ఫిర్యాదులను ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, ఎఫ్‌బీఐ నిర్వహించే ఇంటర్నెట్ క్రైమ్ కంప్లయింట్ సెంటర్‌కు చేయవచ్చు. చెక్కు తపాలా ద్వారా వచ్చి ఉంటే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీసు వారికి కూడా తెలియజేయాలి. కవరు, దానిపై ముద్రలు, చెక్కు అసలు ప్రతి భద్రపరచాలి.

తెలుగు రాష్ట్రాలలో మారిన రూపం

మన దేశంలో చెక్కు జమ చేయగానే సొమ్ము వాడుకొనే సదుపాయం సాధారణంగా లేదు. చెక్కు వసూలైన తరువాతనే సొమ్ము చేతికి వస్తుంది. భారతీయ రిజర్వు బ్యాంకు చెక్కుల ప్రతిబింబాల ద్వారా పరిష్కరించే చెక్ ట్రంకేషన్ విధానాన్ని 2008లో న్యూఢిల్లీలోను, 2011లో చెన్నైలోను, 2013లో ముంబైలోను ప్రవేశపెట్టింది. 2025 అక్టోబరు 4 నుండి చెక్కులను విడతలుగా కాక ఎప్పటికప్పుడు పరిష్కరించే పద్ధతిని ప్రారంభించింది. అందువల్ల అమెరికా తరహా చెక్కు మోసానికి ఇక్కడ చోటు తక్కువ. అయితే జమ చేసిన చెక్కు తాలూకు సొమ్ము ఇంకా వసూలు కాలేదని సూచించే పద్దును చూసి, డబ్బు వచ్చిందని పొరబడే అవకాశం ఇక్కడ కూడా లేకపోలేదు. ఎవరైనా బ్యాంకు రసీదు ఫొటో పంపి సొమ్ము వేశామంటే, అది నగదు రసీదా, చెక్కు రసీదా అని చూడాలి.

ఇక్కడ చెక్కు స్థానాన్ని ఆక్రమించినది బ్యాంకు పంపినట్లు కనిపించే సందేశం. పెళ్లి ఫొటోలకు 5,000 రూపాయలు బయానా పంపుతామని చెప్పి, కొద్ది క్షణాలలో 50,000 జమ అయినట్లు ఒక సందేశం ఫోనుకు పంపుతారు. వెంటనే ఫోను చేసి, తొందరలో ఒక సున్న ఎక్కువ పడిందని, ఆసుపత్రి ఖర్చుకు ఉంచుకొన్న డబ్బని, 45,000 తిరిగి పంపమని బతిమాలుతారు. సందేశం నిజంగా బ్యాంకు నుండి రాలేదు. అది ఒక పది అంకెల సెల్ నంబరు నుండి వచ్చినదై ఉంటుంది. బ్యాంకుల సందేశాలు మామూలు సెల్ నంబరు నుండి రావు. సంస్థను సూచించే అక్షరాలతో కూడిన పేరుతో వస్తాయి. అయినా సందేశాన్ని పరీక్షిస్తూ కూర్చోవడం కంటే బ్యాంకు యాప్ తెరిచి ఖాతా నిల్వ చూడడమే సులభం. అవతలి వ్యక్తి ఫోను పెట్టవద్దని పట్టుబట్టినా, ఫోను పెట్టిన తరువాతనే ఈ పని చేయాలి.

సైనిక అధికారినని చెప్పుకొని, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపి, రెజిమెంటులో వివాహమున్నదని నమ్మించే వారు మరో తరగతి. సైన్యం చెల్లింపులు ఒక ప్రత్యేక పద్ధతిలో జరుగుతాయని, ముందుగా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నమోదు చేస్తే రెట్టింపు మొత్తం జమ అవుతుందని చెబుతారు. అటువంటి పద్ధతి ఏదీ లేదు. యూపీఐ విధానంలో పిన్ నమోదు చేయడమంటే డబ్బు చెల్లించడమే. డబ్బు అందుకోవడానికి పిన్ గాని, స్కాన్ గాని అవసరం లేదు. ఒక వ్యక్తి మరొక వ్యక్తిని డబ్బు కోరుతూ పంపే కలెక్ట్ అభ్యర్థనలు మోసాలకు దారి తీస్తున్నందున నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరు 1 నుండి వాటిని నిలిపివేసింది. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయించే మార్గం మాత్రం మోసగాళ్లకు మిగిలే ఉన్నది.

మరొక పరిస్థితిని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. కొన్నిసార్లు అదనపు సొమ్ము నిజంగానే ఖాతాలో పడుతుంది. ఫొటోగ్రాఫర్ నిల్వ చూసుకొని, డబ్బు ఉన్నది కనుక మోసం లేదనుకుంటాడు. నిజాయితీపరుడు కనుక, చెప్పిన నంబరుకు తిప్పి పంపుతాడు. ఆ డబ్బు వేరెక్కడో మోసపోయిన మరొకరిది అయి ఉండవచ్చు. వారు ఫిర్యాదు చేసినప్పుడు పోలీసులు సొమ్ము నడిచిన దారిని అనుసరించి ఈ ఖాతాకు చేరుకుంటారు. ఆ మొత్తం మేరకు గాని, కొన్ని సందర్భాలలో ఖాతా మొత్తాన్ని గాని బ్యాంకు నిలిపివేస్తుంది. ముహూర్తాల కాలంలో సహాయకుల కూలి, కెమెరా అద్దెలు, ఆల్బముల ముద్రణ ఖర్చు చెల్లించవలసిన వేళ ఖాతా స్తంభిస్తే చిన్న ఫొటోగ్రాఫర్‌కు అది మోసపోవడంతో సమానం. ఎవరో తెలియని వారి నుండి అధిక మొత్తం వచ్చినట్లయితే దానిని ఖర్చు చేయరాదు, వేరే నంబరుకు పంపరాదు. బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా తెలియజేసి, వచ్చిన ఖాతాకే తిరిగి పంపమని కోరి, అందుకొన్నట్లు రసీదు తీసుకోవాలి. పొరపాటున పంపిన నిజమైన మనిషికి కూడా ఈ మార్గంలో డబ్బు చేరుతుంది. రెండు రోజులు ఆలస్యం కావచ్చు, అంతే.

ఫిర్యాదు చేయు విధానం

సొమ్ము పోయినట్లు గుర్తించిన వెంటనే జాతీయ సైబర్ నేర సహాయ సంఖ్య 1930కి ఫోను చేయాలి. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలోని జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు, అక్కడినుండి ఏటీఎంకు మారేలోగా దానిని నిలిపివేయడానికే ఈ ఏర్పాటు. కనుక మొదటి గంటలు ఎంతో విలువైనవి. పరువు పోతుందనే సంకోచంతో మరునాటి వరకు ఆగడం వల్ల మోసగాడికే మేలు జరుగుతుంది.

ఇతరుల వేషంలో కంప్యూటర్ లేక ఫోను సాధనంగా మోసగించడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసానికి సంబంధించినది. మోసగించి ఆస్తిని చేజిక్కించుకొన్న వారికి దీని నాలుగవ ఉపవిభాగం కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చును.

ఫోను చేసే సమయానికి లావాదేవీ సంఖ్య, సొమ్ము పంపిన తేదీ, సమయం, తన బ్యాంకు పేరు, అవతలి యూపీఐ ఐడీ లేక ఖాతా నంబరు సిద్ధంగా ఉంచుకోవాలి. సంభాషణల సందేశాలను, వచ్చిన నకిలీ జమ సందేశాన్ని, గుర్తింపు కార్డు ఫొటోను తొలగించకుండా వాటి స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి. ఫిర్యాదు నమోదైన తరువాత వచ్చే నంబరును రాసుకొని, దాని ప్రతితో బ్యాంకు శాఖలో కూడా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఆ బుకింగ్ కోసం పక్కన పెట్టిన తేదీని అదే రోజున పుస్తకంలో నుండి కొట్టివేసి, ముందు వెనక్కు పంపిన పెళ్లివారు ఉంటే వారికి కబురు చేయవచ్చును.